చేతి దగ్గర, నేల దగ్గర పొదుపు వద్దు

చిన్నా,

నడిచేటప్పుడు ఊతంగా పట్టుకునే వాకర్ కోసం నువ్వు గీసి పంపిన బొమ్మలు చూశాను. మడత తీరు చక్కగా కుదిరింది. ఖర్చుల పట్టిక దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఒళ్లు మండింది. పిడికి పలుచని స్పాంజి, కాళ్ల కింద ప్లాస్టిక్ మూతలు పెట్టి డబ్బు మిగిల్చి, దానితో మనిషి పడిపోతే ఇంట్లోవాళ్ల ఫోనుకు కబురు పంపే పరికరం బిగిస్తానంటున్నావు. పడకుండా ఆపే రెండు చోట్లా పొదుపు చేసి, పడ్డాక కబురు పంపడానికి ఖర్చు పెట్టడం ఏం లెక్క? ఈ ఉత్తరం పెద్దవాళ్లకు నడక నేర్పించే ఫిజియోథెరపిస్టుగా రాస్తున్నాను. అమ్మగా రాస్తే ఇంతకన్నా ఎక్కువ తిట్టేదాన్ని.

తక్కువ ధర కావాలన్న నీ పట్టుదలను నేను కాదనడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం, కళ్లజోడు నుంచి చక్రాల కుర్చీ దాకా ఏదో ఒక సహాయక సాధనం అవసరమైనవాళ్లు 250 కోట్లకు పైనే. కొన్ని పేద దేశాల్లో అవసరమైనవాళ్లలో నూటికి ముగ్గురికే అది అందుతోంది. కాబట్టి ధర తగ్గించు. ఎక్కడ తగ్గించాలన్నదే నా పేచీ. మనిషి బరువు చేతి నుంచి పిడిలోకి, పిడి నుంచి పైపుల్లోకి, అక్కడి నుంచి నేలలోకి దిగుతుంది. ఆ రెండు కొసల దగ్గర కక్కుర్తి వద్దు. మధ్యలో నీ ఇష్టం.

నేల సంగతి ముందు. వాకర్ కాళ్లకు తొడిగే రబ్బరు బుష్షు చూడటానికి చిన్న వస్తువు. తడి గచ్చు మీద మనిషిని నిలబెట్టేది అదే. గట్టి ప్లాస్టిక్ మూత పొడి నేల మీద కూడా జారుతుంది. బుష్షు లోపల ఇనుప వాషర్ ఒకటి వేయించు. లేకపోతే పైపు అంచు కొన్నాళ్లకు రబ్బరును కోసుకుని కిందికి దిగి, నేలకు లోహం తగులుతుంది. అడుగున ఉన్న గీతలు అరిగి నున్నబడ్డాక బుష్షు మార్చాలి. మార్చరు, ఎందుకంటే ఆ కొలత దొరకదు. అందుకే పైపు బయటి వ్యాసం ఎక్కడైనా దొరికే కొలతలో ఉండాలి. సొంత కొలత పెట్టి సొంత బుష్షులు అమ్ముకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకు. బుష్షు పట్టును పరీక్షించడానికి ఐఎస్‌ఓ 24415-1, వాకర్ నిలకడకూ దృఢత్వానికీ ఐఎస్‌ఓ 11199-1 అని అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నాయి. చదివావో లేదో నువ్వు రాయలేదు.

ఇక చెయ్యి. నిటారుగా నిలబడి చేతులు వదిలేసినప్పుడు పిడి మణికట్టు మడత దగ్గరకు రావాలి. అప్పుడు పిడి పట్టుకుంటే మోచెయ్యి 15 నుంచి 30 డిగ్రీలు వంగుతుంది, బరువు మోపడానికి అది అనువు. ఎత్తు ఎక్కువైతే భుజాలు పైకి లేస్తాయి, తక్కువైతే నడుము వంగుతుంది. ఎత్తు సర్దుకోవడానికి కాళ్ల పైపుకు 2.5 సెంటీమీటర్లకు ఒక రంధ్రం చొప్పున పెట్టావు, సరే. ఆ రంధ్రంలోకి వచ్చే స్ప్రింగు బొత్తాన్ని నొక్కడానికి ఎంత బలం కావాలి? కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయిన చేతికి అది సాధ్యమయ్యే పని కాదు. మందపాటి చేతి తొడుగులు వేసుకుని నీ వాకర్‌ను నువ్వే సర్ది చూడు. పిడి మందం 3 నుంచి 4 సెంటీమీటర్లు ఉండనీ. సన్నని పైపును పట్టుకోవాలంటే వేళ్లు మరీ ముడవాలి, నొప్పి అక్కడే. స్పాంజి చెమట పీల్చి చిరుగుతుంది. చిరిగితే చిరిగింది, పైపు చుట్టూ తిరగడం మొదలుపెడితే మాత్రం ప్రమాదం. బరువంతా మోపిన క్షణంలో చెయ్యి మెలితిరుగుతుంది.

చక్రాలు వద్దనుకున్నావు. మళ్లీ ఆలోచించు. చక్రాలు లేని వాకర్‌ను అడుగడుక్కీ ఎత్తి ముందు పెట్టాలి. ఎత్తిన క్షణంలో ఆధారం ఉండదు. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు ఉన్నవాళ్లు అప్పుడే వెనక్కి తూలే ప్రమాదం ఉంది. ముందు కాళ్లకు చక్రాలు, వెనక కాళ్లకు బుష్షులు పెడితే చాలామందికి సరిపోతుంది. చక్రం మరీ చిన్నదైతే గడపకూ, గచ్చు పగుళ్లకూ తట్టుకుని ఆగిపోతుంది. నాలుగు చక్రాల రోలేటర్ వేరే కథ. స్వీడన్‌లో ఐనా విఫాల్క్ అనే ఆవిడ 1978లో దానికి రూపమిచ్చింది. యవ్వనంలో పోలియో సోకిన మనిషి, ఏం కావాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. పేటెంటు కూడా తీసుకోలేదు, ఈ సంగతి నీ భాగస్వాములకు చెప్పు. అయితే బరువంతా వాకర్ మీద వేసి నడిచేవాళ్లకు రోలేటర్ పనికిరాదు, ముందుకు పరుగెడుతుంది. బ్రేకు నొక్కడానికి మళ్లీ వేళ్లలో బలం కావాలి.

మరి పొదుపు ఎక్కడ? పైపుల్లో. అల్యూమినియం బరువు ఉక్కులో మూడో వంతు, వంగకుండా నిలిచే గుణమూ దాదాపు మూడో వంతే. వ్యాసం పెంచి ఆ లోటు పూడ్చుకోవచ్చని నాకన్నా నీకే బాగా తెలుసు. ఉక్కు చవక, విరిగితే అతికించడం తేలిక. చక్రాలుంటే ఎత్తే పని తగ్గుతుంది కనుక, ఉక్కు బరువును కొట్టిపారేయకుండా ఒకసారి లెక్క చూడు. మడత లేని రకం కూడా ఒకటి చెయ్యి. ఇల్లు దాటనివాళ్లకు మడత ఎందుకు? చట్రంలో మడత కీళ్లు పెరిగిన కొద్దీ వదులయ్యే చోట్లూ పెరుగుతాయి.

ఇంకొకటి, చెప్పినట్టు ఎవరూ నడుచుకోరు. కుర్చీ చేతుల మీద ఊని లేవమంటాం. వాళ్లు వాకర్‌నే పట్టుకుని లాగుతారు, అది వాళ్ల మీదికి ఒరుగుతుంది. ముందు కడ్డీకి సంచి తగిలిస్తారు, అది ముందుకు ఒరుగుతుంది. ఆ వినని మనిషినే దృష్టిలో పెట్టుకుని తయారు చెయ్యి. వెనక కాళ్లను కాస్త వెనక్కీ, పక్కలకూ చాపు. సంచికి చోటు చట్రం లోపల, కిందుగా ఇవ్వు. మరీ చాపితే స్నానాలగది తలుపులో పట్టదు, రాత్రిళ్లు లేచి వెళ్లేది అటువైపే కదా. రంగు కూడా చూడు. ఆ బూడిదరంగు పైపులు ఆసుపత్రిని గుర్తుచేస్తాయని, ఎవరైనా ఇంటికొస్తే దాచేసేవాళ్లు ఉన్నారు.

నమూనా తయారయ్యాక నువ్వు దగ్గరుండి చూపించకు. నీ ముందు అందరూ "బాగుంది బాబూ" అనే అంటారు. నాకు అప్పగించు, వాడేవాళ్లను నేను చూస్తాను. కొన్నాళ్లు పోయాక బుష్షులు విప్పి చూస్తే ఎవరు వాడారో, ఎవరు మూలన పెట్టారో, ఎవరు ఏ వైపు ఎక్కువ బరువు మోపుతున్నారో అరుగుదలే చెబుతుంది. పైపు వ్యాసం ఎంత పెడుతున్నావో ముందు రాయి. దానికి సరిపోయే బుష్షులు నేను వెతికి ఉంచుతాను.

అమ్మ