గింజల థీమ్ అయిపోయింది, సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

ఈ ఏడాదే నర్సరీ టీచర్‌గా చేరాను. నా క్లాసులో 18 మంది, అందరూ నాలుగేళ్లవాళ్లే. "థీమ్ పెట్టి, అంటే కొన్ని వారాలు ఒకే విషయం చుట్టూ ఆటలు, పాఠాలు అల్లి చెప్పమన్నారు, ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు" అని నెల కిందట ఇక్కడ అడిగితే మీలో ఎంతమంది పలికారో! మూడు వారాల గింజల థీమ్ నిన్నటితో పూర్తయింది. మీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

థీమ్ అంటే గోడ అలంకరణే అనుకున్నాను నేను. రెండు రాత్రులు కూర్చుని చార్టు మీద చెట్టు, పూలు, సీతాకోకచిలుకలు కత్తిరించి అంటించాను. పిల్లలు ఒకసారి చూశారు, అంతే. ఆకు బొమ్మకు రంగు వేయమంటే ఐదు నిమిషాల్లో ముగించి ఒకరినొకరు తోసుకోవడం మొదలుపెట్టారు. ఆ రోజు సాయంత్రం ఇక్కడున్న అందరిలో నాకు ఫోన్ చేసింది మీరే, అక్కా. "గోడ సంగతి తర్వాత చూద్దాం. ముందు వాళ్ల చేతుల్లో ఏం పెడుతున్నావో చెప్పు" అన్నారు. ఆ ఒక్క మాటతో నా టెన్షన్ సగం తగ్గింది.

మర్నాడు చిక్కుడు గింజలు నానబెట్టాం. తల్లిదండ్రులు ఇళ్లలోంచి పారదర్శకంగా ఉండే గ్లాసులు, పాత దూది, ఖాళీ డబ్బాలు పంపారు. అడిగిన రెండోరోజుకే అన్నీ వచ్చేశాయి. మొదటి విడత కుళ్లిపోయింది. ప్రేమ కొద్దీ పిల్లలందరూ నీళ్లు పోసేశారు మరి. దూది తడిగా ఉంటే చాలు, గింజ నీళ్లలో మునిగితే దానికి గాలి ఆడదు అని మీరు చెప్పాక, చెంచాతో కొలిచి పోయడం నేర్పాను. ఆ కొలతే వాళ్లకొక ఆట అయింది.

ఒక పాప గురించి చెప్పాలి. తన గింజను మట్టిలో పెట్టి, రోజూ తవ్వి చూసేది. వద్దంటే కళ్లనిండా నీళ్లు. ఏం చేయాలో తోచక మీకు మెసేజ్ పెట్టాను. "ఆ పాప చేసేది అల్లరి కాదు, చూడాలనుకుంటోంది. చూసే వీలు కల్పించు" అన్నారు. గింజను గ్లాసు గోడకూ దూదికీ మధ్య ఇరికించి ఇచ్చాను. నాలుగో రోజు తెల్లటి వేరు బయటికొచ్చింది. పాప గ్లాసుకు ముక్కు ఆనించి, ఊపిరి ఆవిరి పట్టినప్పుడల్లా వేలితో తుడుచుకుంటూ చాలాసేపు కదల్లేదు. "టీచర్, ఇది కిందికి పోతోంది, పైకి రావట్లేదు" అంది. మొదట వచ్చేది వేరు అని, నీళ్లు తాగేది అదేనని అప్పుడు చెప్పాను. తను అడిగాకే చెప్పాను కాబట్టి ఇప్పటికీ మరిచిపోలేదు. మీరు చెప్పినట్టే ఒక గ్లాసును రెండు రోజులు పక్కకు పడుకోబెట్టాం. వేరు వంగి మళ్లీ కిందికే తిరిగింది. "దానికి కింద ఎటో తెలుసు" అని ఆ పాపే మిగతావాళ్లకు చెప్పింది.

మొలక పక్కన కాగితం పట్టీ నిలబెట్టి, అంత ఎత్తుకే కత్తిరించి, రోజుకొకటి వరసగా అంటించడం కూడా మీలో ఒకరి సలహానే. అంకెలు సరిగా రాని పిల్లలు కూడా ఏది పొడుగో, ఎంత పొడుగో పట్టేశారు. సోమవారం పట్టీ ఒక్కసారిగా పెద్దదైంది. "మనం లేనప్పుడే ఎక్కువ పెరిగింది" అన్నాడొకడు. ఆ రోజు క్లాసంతా అదే చర్చ. నా గోడకు నిజమైన అలంకరణ ఆ పట్టీలే.

మా ఆయమ్మకు ప్రత్యేకంగా నమస్కారం. గింజలు వేళ్లతో ఏరి వేరుచేసే ఆట పెన్సిల్ పట్టుకునే వేళ్లకు మంచిదని నాకు తెలుసు. ముక్కులోనో చెవిలోనో పెట్టుకునే ప్రమాదం గురించి ఆలోచించింది మాత్రం ఆవిడే. ఒక్కో పళ్లెంలో 12 గింజలు లెక్కపెట్టి ఇచ్చి, 12 తిరిగి వచ్చేదాకా పిల్లల పక్కనుంచి లేవలేదు. లెక్కపెట్టడం పిల్లలు నాకంటే ఆవిడ దగ్గరే ఎక్కువ నేర్చుకున్నారు.

అక్కా, జర్మనీలో ఫ్రోబెల్ అనే విద్యావేత్త 1840లో తన బడికి 'పిల్లల తోట' అనే అర్థం వచ్చేలా కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడని, అక్కడ పిల్లలు నిజంగానే మొక్కలు పెంచేవారని మీరు చెప్పారు. అప్పుడు ఊరికే విన్నాను. నిన్న 18 మందీ తలా ఒక కుండీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఆ మాట గుర్తొచ్చింది.

వచ్చే వారం నుంచి నీళ్ల థీమ్. ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది అన్న దగ్గర మొదలుపెడుతున్నాను. మీకోసం ఒక మొక్క పక్కన పెట్టాం అక్కా. రోజూ తవ్వి చూసిన పాపే దానికి నీళ్లు పోస్తోంది, చెంచాతో కొలిచి. వీలు చూసుకుని వచ్చి తీసుకెళ్లండి, మీకు వేరు గురించి చెప్పాలని కాచుకుని ఉంది.