తప్పెట మోత వినిపిస్తోంది, వాయించినవారి పేర్లేవీ?

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

విజయనగరం కుర్రవాళ్ళు నలుగురు కలిసి కట్టుకున్న రాక్ బృందం విడుదల చేసిన తొలి పాట గురించి, దాని వీడియో గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ పాట నాకు నచ్చింది. ఆ మాట ముందే చెప్పాలి. ముప్పై రెండేళ్ళు తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసిన నాకు ఎలక్ట్రిక్ గిటార్ మోత అలవాటు లేదు. అయినా మనవడి ఫోనులో విన్నప్పుడు, సింథసైజర్ (మీటలు నొక్కితే కరెంటుతో రకరకాల నాదాలు పుట్టించే వాయిద్యం) మీద తుమ్మెద రొదలా సన్నగా మొదలైన నాదంలోకి గిటార్లు ఒక్కొక్కటే వచ్చి చేరుతుంటే, పాట అయిపోయేదాకా ఫోను తిరిగి ఇవ్వలేకపోయాను.

ఊళ్ళో కొందరు పెద్దలు ఇది సంగీతమే కాదని, కంప్యూటర్ రొద అని తీసిపారేస్తున్నారు. వారితో నేను ఏకీభవించలేను. 1919లో మన ఊళ్ళో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టినప్పుడు, అక్కడ ద్వారం వెంకటస్వామినాయుడుగారు నేర్పిన వయొలిన్ కూడా సముద్రం దాటి వచ్చిన వాయిద్యమే. ఈనాడు దానిని పరాయిదని ఎవరూ అనరు. సింథసైజర్‌కూ అదే న్యాయం వర్తించాలి.

నా బాధ వేరు. ఆ పాటలో రెండో చరణం నుంచి చివరిదాకా తాళం నడిపించేది డ్రమ్స్ కాదు, తప్పెట. ఆ తప్పెట మా చిన్నాన్నది.

సంక్రాంతి వెళ్ళిన వారానికి ఆ కుర్రవాళ్ళు రెండు మైకులు పట్టుకుని గజపతినగరం దగ్గరున్న మా ఊరికి వచ్చారు. రామాలయం ముందు గచ్చు మీద, తప్పెటలు వాయిస్తూ ఆడిపాడే మా తప్పెటగుళ్ళ దళం చేత వాయింపించుకున్నాక, కంప్యూటర్‌లో పెట్టుకోవడానికి ఒక్క దెబ్బ విడిగా కావాలని అడిగారు. దళానికి గురువైన మా చిన్నాన్న డెబ్బై దాటిన మనిషి. గజ్జెల చప్పుడు కలవకూడదంటే కాళ్ళ గజ్జెలు విప్పి, రొమ్మున కట్టుకున్న రేకు తప్పెట మీద అరచేయి వేశారు. దెబ్బ సరిగా పడలేదు. మళ్ళీ వేశారు, మళ్ళీ తడబడ్డారు. యాభై ఏళ్ళుగా ఆడుతూ, పాడుతూ, వాయిస్తూ మూడు పనులూ ఒక్కసారే చేసిన మనిషికి నిలబడి ఒట్టి చెయ్యి మాత్రమే ఆడించడం చేతకాలేదు. “కాలు పడకపోతే సెయ్యి పడదు బాబూ” అన్నారాయన. ఆయన వంగలేకపోతుంటే, చూడటానికి వచ్చిన ఒక పిల్లవాడు కూర్చుని గజ్జెలు మళ్ళీ కట్టాడు. అప్పుడు పడింది దెబ్బ.

ఆ దెబ్బే పాటలో ఉంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే, ‘దబ్’ అన్న మోత వెనకే సన్నగా ‘ఝల్’ అని గజ్జె వినిపిస్తుంది. మనిషి వాయిస్తే ఏ రెండు దెబ్బలూ ఒక్కలా ఉండవు. యంత్రం ఒకే దెబ్బను తిప్పి తిప్పి వాయిస్తుంది కనుక, ఆ గజ్జె కూడా ప్రతిసారీ అచ్చం అంతే నిడివితో, అంతే సన్నగా మోగుతుంది. ఆ కుర్రవాళ్ళు దానిని తుడిచేయకుండా ఉంచినందుకు వారి చెవికి నమస్కరిస్తున్నాను.

ఇక వీడియోలో మా దళం పన్నెండుమందీ కనిపిస్తారు. ఎరుపు, నీలం లైట్ల మధ్య వారు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడిన చోటనే గిటార్ సోలో మొదలవుతుంది. వీడియో మొత్తానికి అదే గుండెకాయ. చివర పేర్లు వస్తాయి. డ్రోన్ తిప్పినవారి పేరు, రంగులు సరిచేసినవారి పేరు, మేకప్ చేసినవారి పేరు, కారు ఇచ్చిన స్నేహితుడి పేరు, అన్నీ ఉన్నాయి. మా వాళ్ళ వంతు వచ్చేసరికి ‘జానపద కళాకారులు’ అన్న రెండు మాటలే ఉన్నాయి. డబ్బు విషయంలో ఆ కుర్రవాళ్ళ మీద నాకు ఫిర్యాదు లేదు. అడిగినంత ఇచ్చారు, అందరికీ భోజనం పెట్టించారు. పేరు మాత్రం మరిచారు.

వారు ఆరాధించే రాక్ సంగీతంలోనే ఇందుకు మంచి ఉదాహరణ ఉంది. ఇంగ్లండుకు చెందిన క్వీన్ బృందం 1970ల్లో తమ ఆల్బముల అట్టల మీద సింథసైజర్లు వాడలేదని అచ్చు వేయించుకునేది. 1980లో ఆ పట్టు విడిచింది. 1984లో వచ్చిన వారి ‘రేడియో గా గా’ పాట సింథసైజర్, డ్రమ్ మెషీన్‌ల మీద నడుస్తుంది. దానిని కట్టినవాడు ఆ బృందంలో డ్రమ్స్ వాయించే రోజర్ టేలరే. ఆ పాట వీడియోలో 1927 నాటి జర్మన్ మూకీ చిత్రం ‘మెట్రోపొలిస్’ దృశ్యాలు వాడుకున్నారు. అప్పటికి యాభై ఏడేళ్ళ పాత సినిమా కదా అని ఊరుకోలేదు. హక్కులున్న తూర్పు జర్మనీ ప్రభుత్వం దగ్గర అనుమతి కొన్నారు, వీడియో చివర ఆ చిత్రానికి పేరుపెట్టి కృతజ్ఞత చెప్పారు. వారు ఎవరి పని వాడుకున్నారో ఈనాటికీ ఆ వీడియో చూసిన ప్రతివారికీ తెలుస్తోంది.

మన చట్టమూ ఈ మాటే చెబుతోంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలో ‘ప్రదర్శకుడు’ అన్న మాటకిచ్చిన అర్థంలో గాయకులు, వాద్యకారులు, నర్తకులతోపాటు గారడీవారిని, పాములాడించేవారిని కూడా చేర్చారు. 2012 సవరణతో వచ్చిన 38బి సెక్షన్, తన ప్రదర్శనకు తనను ప్రదర్శకుడిగా గుర్తించమని అడిగే హక్కు కళాకారుడికి ఇచ్చింది. తగవు పెట్టుకోవాలని నేను చట్టం మాట ఎత్తడం లేదు. మా చిన్నాన్న అందుకు ఒప్పుకోరు కూడా. పేరు వేయడం దయ కాదని ఆ పిల్లలకు తెలియాలి, అంతే.

యూట్యూబులో పెట్టిన వీడియోను మార్చలేకపోయినా, దాని కింద ఉండే వివరాలను ఎప్పుడైనా మార్చుకోవచ్చునని మనవడు చెబుతున్నాడు. ఆ పని ఈ రోజే చేయవచ్చు. దసరా తర్వాత పైడితల్లి సిరిమానోత్సవానికి ఇదే పాటను వేదిక మీద వాయించాలని వారు అనుకుంటున్నట్టు మీ వార్తలో రాశారు. అప్పుడు దళాన్ని కూడా పక్కన నిలబెట్టి, మైకులో పేర్లు చదివితే మరీ సంతోషం. మీ విలేకరి కూడా వార్తలో నలుగురి పేర్లే రాశారు. మిగతావారి పేర్లు కూడా మీ పత్రికలో రావాలని కోరుతున్నాను.

వారందరి అనుమతితో పేర్ల జాబితాను ఈ ఉత్తరానికి విడిగా జతచేశాను. దయచేసి ఒక ప్రతిని ఆ బృందానికి కూడా అందజేయగలరు. గురువు పేరు మొదట రాయమని దళంవారు అన్నారు, అలాగే రాశాను. ఆ రోజు గజ్జెలు కట్టిన పిల్లవాడి పేరు కూడా వేయాలని చిన్నాన్న పట్టుబట్టారు. అందుకే దళంలో పన్నెండుమందే ఉన్నా, జాబితాలో పదమూడు పేర్లున్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
విజయనగరం