2022–23 వార్షిక నివేదిక: మళ్లీ కోవిడ్ వేవ్ వస్తే వార్డులో నిలబడేది మనమే

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

2022 ఏప్రిల్ నుంచి 2023 మార్చి వరకు మన వైద్యుల సంఘం చేసిన పనుల నివేదికను ఈ సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. జూలై 1న డాక్టర్స్ డే, ఆ తర్వాత రక్తదాన శిబిరం, పల్లెల్లో ఉచిత షుగర్, బీపీ పరీక్షలు ఎప్పటిలాగే జరిగాయి. సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు. ఏడాదంతా మన ఓపికను, ఆదివారాలను ఎక్కువగా తీసుకున్న పని మరొకటి ఉంది: మళ్లీ కోవిడ్ వేవ్ వస్తే వార్డులో పనిచేయడానికి అన్ని విభాగాల వైద్యులకు శిక్షణ. ఈ నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. "అయిపోయింది కదా, ఇంకా ఈ ట్రైనింగులు దేనికి?" అని కొందరు సభ్యులు ఫోన్ చేసి అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. నా జవాబు కోసం 2021 మే నెలకు వెళ్లాలి.

మన సభ్యుల్లో ఒకాయన చర్మ వైద్యుడు. చాలా ఏళ్ల ప్రాక్టీసు. ఆ నెలలో ఆయనకు కోవిడ్ వార్డులో నైట్ డ్యూటీ పడింది. రాత్రి రెండింటికి ఒక మంచం దగ్గర మాస్క్ ద్వారా ఊపిరి అందించే బైపాప్ మిషన్ ఆగకుండా అలారం కొడుతోంది. శాచ్యురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 84కి దిగింది. ఏ బటన్ నొక్కాలో ఆయనకు తెలియదు. ఎవరికైనా ఫోన్ చేద్దామంటే ఫోన్ పీపీఈ కిట్ లోపల ఉండిపోయింది. ఇంతలో స్టాఫ్ నర్సు వచ్చి మాస్క్ పట్టీలు బిగించి, గడ్డం కింద గాలి పోతున్న చోట అరచేత్తో నొక్కి పట్టుకుంది. అలారం ఆగింది. కాసేపటికి అంకె 91కి ఎక్కింది. ఆ సంగతి నాకు చెబుతూ ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ నర్సు రావడం ఐదు నిమిషాలు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన ఆయన్ను ఇప్పటికీ వదల్లేదు.

మన పట్టణంలో క్రిటికల్ కేర్ వాళ్లను, మత్తు డాక్టర్లను, ఊపిరితిత్తుల డాక్టర్లను కలిపి లెక్కపెట్టినా చేతి వేళ్లు మిగులుతాయి. రోగులు ఒక్కసారిగా వచ్చిపడితే వార్డుల్లో ఉండేది ఎముకల డాక్టర్లు, కంటి డాక్టర్లు, చర్మ వైద్యులు, నాలాంటి ఈఎన్‌టీ వాళ్లు. అందుకే వాళ్లను ముందే తయారుచేసుకోవాలని కార్యవర్గం తీర్మానించింది.

నాలుగు ఆదివారాలు మన హాల్లోనే శిక్షణ పెట్టాం. మత్తు డాక్టర్లు, పల్మనాలజిస్టులు చెప్పారు. వాళ్లతో పాటు ఐసీయూలో పనిచేసిన స్టాఫ్ నర్సులను కూడా గురువులుగా పిలిచాం. ఇందుకు ఒకరిద్దరు సీనియర్లు మొదట మొహమాటపడ్డారు. రెండో ఆదివారానికి ఆ మొహమాటం పోయింది. మాస్క్ బిగించడం, పీపీఈ కిట్ విప్పే వరుస, సక్షన్ చేయడం (గొంతులోని కఫం మిషన్‌తో లాగేయడం) నర్సులు చూపించినంత బాగా మనలో ఎవరూ చూపించలేరని నా అభిప్రాయం.

వెంటిలేటర్ మీద ఉన్న రోగిని బోర్లా తిప్పడం బొమ్మ మీద నేర్చుకున్నాం. ఐదుగురు కావాలి. తల దగ్గర నిలబడినవారు గొంతులోని ట్యూబ్ పట్టుకుని "ఒకటి, రెండు, మూడు" అంటేనే మిగతావాళ్లు కదలాలి. మా మొదటి ప్రయత్నంలోనే ట్యూబ్ ఊడి వచ్చింది. బొమ్మ కాబట్టి సరిపోయింది. తీవ్రమైన ఊపిరితిత్తుల వైఫల్యంలో రోజుకు కనీసం 16 గంటలు బోర్లా ఉంచితే మరణాలు సగానికి తగ్గాయని ఫ్రాన్స్ డాక్టర్లు 2013లోనే చూపించారు. మందు ఖర్చు లేని చికిత్స ఇది. కావాల్సింది అలవాటు పడిన చేతులు.

మూడో ఆదివారం మొత్తం ఆక్సిజన్ లెక్కలకే ఇచ్చాం. ఇది అందరం నోటికి నేర్చుకోవాల్సిన విషయం కాబట్టి ఇక్కడ కూడా రాస్తున్నాను. పెద్ద సిలిండర్‌లో సుమారు 7,000 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 15 లీటర్ల చొప్పున సంచి ఉన్న ఎన్ఆర్‌బీఎం మాస్క్‌తో ఇస్తే ఏడున్నర గంటలకు పైగా వస్తుంది. అదే ముక్కు గొట్టాలతో వేగంగా పంపే హై ఫ్లో మిషన్ 60 లీటర్ల మీద పూర్తి ఆక్సిజన్‌తో నడిస్తే రెండు గంటలు కూడా రాదు. గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి నిమిషానికి 500 లీటర్లు ఇచ్చే పీఎస్ఏ ప్లాంటు ఉందనుకోండి. మాస్కుల మీదైతే 33 మందికి సరిపోతుంది, అలాంటి హై ఫ్లో మీదైతే ఎనిమిది మందికే. గోడకు ఎన్ని పాయింట్లున్నాయో లెక్కపెట్టి అన్ని ఆక్సిజన్ పడకలు ఉన్నాయని రాసుకుంటే మోసపోతాం. శాచ్యురేషన్ 92–96 మధ్య ఉంటే చాలన్నది కూడా అందుకే గుర్తుంచుకోవాలి. బంధువుల తృప్తి కోసం 99కి తెస్తే పక్క మంచం మనిషి వాటా పోతుంది.

2022 డిసెంబరు 27న దేశమంతటా ఆసుపత్రుల్లో మాక్ డ్రిల్ జరిగింది. చైనాలో కేసులు పెరిగి అందరికీ మళ్లీ టెన్షన్ పట్టుకున్న రోజులవి. మన పట్టణంలో ఒక ఆసుపత్రి యాజమాన్యం అనుమతితో మన బృందం అక్కడ ఉంది. కరెంటు తీసేశాం. జనరేటర్ అందుకుంది. కానీ ఆక్సిజన్ ప్లాంటు దానంతట అది మళ్లీ మొదలవ్వలేదు, ఎవరో వెళ్లి స్విచ్ నొక్కాలి. ఆపరేటర్ టీకి వెళ్లాడు. సరే, సిలిండర్లకు మారుద్దామంటే వాల్వ్ తిప్పే తాళం బీరువాలో ఉంది, బీరువా తాళం స్టోర్ ఇన్‌చార్జి దగ్గర ఉంది. గోడ గడియారం చూస్తూ నిలబడ్డాం. పదకొండు నిమిషాలు పట్టింది. ఆ వేళ మంచాల మీద రోగులు లేరు.

ఆ సాయంత్రమే ఆ తాళాన్ని గొలుసుతో సిలిండర్ల పక్కన గోడకు వేలాడదీశారు. ప్రతి షిఫ్టులో స్విచ్ తెలిసినవాళ్లు ఇద్దరు ఉండాలని రాసుకున్నారు. 2023 ఏప్రిల్ 10, 11 తేదీల్లో మళ్లీ డ్రిల్ జరిగినప్పుడు అదే పని రెండు నిమిషాల్లోపే అయింది. ఏడాది మొత్తంలో నాకు ఎక్కువ సంతోషం కలిగించింది ఆ గొలుసే.

మా ఈఎన్‌టీ విభాగం గురించి కొంచెం చెప్పాలి. 2021 మేలో బ్లాక్ ఫంగస్ కేసులు వస్తాయని మేం ఊహించలేదు. అంగిలి మీద నల్లటి మచ్చతో, వాచిన కన్నుతో వచ్చినవాళ్లను హైదరాబాద్‌లో నోడల్ కేంద్రంగా పెట్టిన కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి పంపాం. ఆ జబ్బుకు వాడే యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం కొడుకులు, కోడళ్లు ఊళ్లు తిరిగారు. మే 20న ప్రభుత్వం బ్లాక్ ఫంగస్‌ను తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధుల్లో చేర్చింది. కోవిడ్‌లో స్టెరాయిడ్ ప్రాణం కాపాడుతుంది, నిజమే. అయితే ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు ఇవ్వడం, ఇచ్చినవాళ్లకు షుగర్ చూడకపోవడం చాలామందిని ఈ ఫంగస్‌కు గురిచేసి ముంచింది. ఇకపై స్టెరాయిడ్ రాసిన ప్రతి కేస్ షీట్ మీద షుగర్ చార్టు ఉండాలని, పక్క వార్డులోని ఈఎన్‌టీ, కంటి డాక్టర్లు మూడో రోజు నుంచే ముక్కు, కన్ను చూడాలని ఒప్పందానికి వచ్చాం.

డ్యూటీల జాబితా కూడా తయారైంది. ఒక మత్తు డాక్టరు లేదా ఫిజీషియన్ కింద ఇతర విభాగాల వాళ్లు నలుగురు. కిట్‌లో ఆరు గంటలకు మించి ఎవరూ ఉండకూడదు. అరవై దాటినవారు, గర్భిణులు, జబ్బులున్నవారు వార్డుకు రానక్కర్లేదు. వాళ్లు రోజూ సాయంత్రం రోగుల ఇళ్లకు ఫోన్ చేసి పరిస్థితి చెబుతారు. ఇది చిన్న పని అనుకోవద్దు. 2021లో గేటు బయట చెట్టు కింద రాత్రంతా కూర్చున్నవాళ్లకు ఆ ఒక్క ఫోన్ లేకపోయింది. కాన్పులు, డయాలసిస్, గుండెపోటు కేసులు చూసే సభ్యులను ఈ జాబితాలో కలపలేదు. వాళ్ల పని ఆగకూడదు.

పూర్తికానివి కూడా చెప్పాలి. శిక్షణకు వచ్చినవాళ్లు సభ్యుల్లో సగం కన్నా తక్కువ. సొంత బొమ్మ కొనలేకపోయాం, కాలేజీ నుంచి అరువు తెచ్చుకున్నాం. డ్యూటీలు చేసి నిద్ర పట్టక బాధపడుతున్న సహచరులకు మాట్లాడే చోటు ఏర్పాటు చేస్తామన్న మాట ఇంకా మాటగానే ఉంది. ఆ బాధ్యత నాది, వచ్చే కార్యవర్గానికి రాతపూర్వకంగా అప్పగిస్తున్నాను.

2021 మేలో వెళ్లిపోయిన మన ఇద్దరు సభ్యుల కోసం సమావేశం మొదట్లో రెండు నిమిషాలు మౌనం పాటించాం. రెండో విడత శిక్షణ జూన్ రెండో ఆదివారం ఉదయం పది గంటలకు, మన హాల్లోనే. మొదటి విడతకు రానివాళ్లు ఈ రోజే తలుపు దగ్గర ఉన్న పుస్తకంలో పేరు రాయండి. నర్సులు కూడా వస్తున్నారు.

మీ
కార్యదర్శి