టీకా తర్వాత ఆ పదిహేను నిమిషాలు

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను ఎనిమిదో తరగతికి పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలిని. మా బడిలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసిన రోజు వాళ్ల పక్కనే నిలబడ్డాను. టీకా మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణమయ్యే హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) లోని 16, 18 అనే నంబర్లున్న రెండు రకాలను అది అడ్డుకుంటుంది. ఆ నమ్మకంతోనే, దాన్ని వేసిన తీరు చూసి మనసు కష్టపడి ఈ లేఖ రాస్తున్నాను.

వరండాలో ఒక బల్ల, దాని ముందు నలభై మంది వరుస. ముందున్న పిల్లకు సూది గుచ్చుతుంటే వెనకున్న వాళ్లందరికీ కనిపిస్తోంది. చొక్కా చెయ్యి బిగుతుగా ఉండి భుజం దాకా రాకపోవడంతో ఒక అమ్మాయి పై గుండీలు విప్పాల్సి వచ్చింది. అడ్డంగా ఒక తెర కూడా లేదు. తలెత్తకుండా ఏడ్చింది. ఆరో అమ్మాయి సూది వేయించుకుని నాలుగడుగులు వేసి, గోడ పట్టుకుని అలాగే కిందికి జారిపోయింది. రెండు నిమిషాల్లో తేరుకుంది. ఈలోగా వరుస చెదిరిపోయింది. పదకొండు మంది టీకా వేయించుకోకుండానే ఇళ్లకు వెళ్లిపోయారు.

ఈ వయసులో సూది భయానికి, నొప్పికి కళ్లు తిరగడం మామూలే. అందుకే కూర్చోబెట్టి టీకా వేయాలని, తర్వాత పదిహేను నిమిషాలు కనిపెట్టుకుని ఉండాలని వైద్యులు చెబుతారు. మా వరండాలో ఆ పదిహేను నిమిషాలకు కుర్చీలే లేవు. ఇది చిన్న విషయం అనుకోకండి. 2014లో కొలంబియాలోని ఎల్ కార్మెన్ దె బొలీవర్‌లో టీకా వేయించుకున్న బాలికలు వందల సంఖ్యలో అస్వస్థులయ్యారు. టీకాతో దానికి సంబంధం కనబడలేదని అధికారిక విచారణ తేల్చినా, ఆ దేశంలో టీకా వేయించుకునేవారి సంఖ్య ఘోరంగా పడిపోయింది. జపాన్ కూడా ఇలాంటి భయాల మధ్యే 2013లో ఈ టీకాను చురుగ్గా సిఫారసు చేయడం మానేసి, తిరిగి 2022లో గానీ మొదలుపెట్టలేదు. మధ్యలో ఎదిగిన ఆడపిల్లల సంగతి తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఇంకొక మాట. అంగీకార పత్రం ఇంటికి వెళ్లింది, పెద్దవాళ్ల సంతకంతో తిరిగి వచ్చింది. చెయ్యి చాపాల్సిన పిల్లతో మాత్రం ఎవరూ మాట్లాడలేదు. వరుసలో నిలబడి ఒక అమ్మాయి నా చెవిలో అడిగింది: "టీచర్, ఇది వేయించుకుంటే రేపు పిల్లలు పుట్టరా?" అలాంటిదేమీ లేదని చెప్పాను. ఇందులో బతికున్న వైరస్ ఉండదని, వైరస్ ఒంట్లోకి రాకముందే వేస్తే బాగా పనిచేస్తుంది కాబట్టే తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య వేస్తారని చెప్పాను. విన్నది. కానీ అప్పటికే ఆలస్యమైంది. ముందు రోజు ఒక నర్సమ్మ వచ్చి తరగతి గదిలో అరగంట మాట్లాడి ఉంటే ఆ భయం వరుస దాకా వచ్చేది కాదు.

ఒక గది, ఒక తెర, కుర్చీలు, కళ్లు తిరిగితే పడుకోబెట్టడానికి ఒక చాప ఉండాలని ఆదేశాలివ్వండి. ఆ రోజు రాలేకపోయిన వాళ్లకు, బడి మానేసిన వాళ్లకు రెండో తేదీ తప్పనిసరి చేయండి. ఈ వయసు వారికి ఒక్క డోసు కూడా చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఒకే డోసు వేసే చోట ఆ ఒక్క రోజు తప్పితే అంతా తప్పినట్లే.

ఆ పదకొండు మంది ఇప్పుడు తొమ్మిదో తరగతికి వచ్చారు. నా చెవిలో అడిగిన అమ్మాయి కూడా వాళ్లలో ఉంది. టీకా వాళ్లు మళ్లీ ఎప్పుడొస్తారని మొన్న తనే అడిగింది. ఆ తేదీ నాకు తెలియజేయగలరు.

భవదీయురాలు,
ఒక ఉపాధ్యాయురాలు