అమ్మకి కళ్ళు తిరగడం తగ్గింది, అందరికీ థాంక్స్

ఫోన్లు చేసి పలకరించినవాళ్ళకీ, ఇంటికొచ్చి చూసివెళ్ళినవాళ్ళకీ ముందుగా పేరుపేరునా థాంక్స్ అండి.

అమ్మ మంచం మీద కుడివైపు ఒత్తిగిలితే చాలు, ఇల్లంతా గిర్రున తిరిగేది. నిమిషంలోపే ఆగిపోయేది కానీ ఆ కాసేపట్లోనే కడుపులో తిప్పేసి వాంతి అయ్యేది. అటక మీద డబ్బా కోసం తలెత్తినా అంతే. ఒకరు బీపీ అన్నారు, ఇంకొకరు మెడ ఎముక అరిగిందన్నారు, పాపం మెడకి పట్టీ కూడా వేసుకుని తిరిగింది. ఎదురింటి పిన్నిగారు ఒక్కరే "మా ఆడపడుచుకీ అచ్చం ఇలాగే అయింది బాబూ, చెవి డాక్టర్‌కి చూపించు" అని పట్టుబట్టారు. నాకు బాగానే వినపడుతుంటే చెవి డాక్టరెందుకని అమ్మ వాదన!

బస్సు కుదుపులంటే భయపడుతోందని ఆటో బాబాయి తనే ఎదుర్లంక వంతెన మీదుగా, యానాం దాటించి కాకినాడ దాకా మెల్లగా తీసుకెళ్ళారు.

డాక్టర్‌గారు ముందు అడిగినవి అందరూ గుర్తుంచుకోండి: మాట తడబడిందా, మూతి వంకరపోయిందా, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పాయా, ఒకటి రెండుగా కనపడిందా. వీటిలో ఏది ఉన్నా పక్షవాతం కావచ్చు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. అమ్మకి అవేవీ లేవు. తల కుడికి తిప్పి, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టి "కళ్ళు మూయకండమ్మా, నన్నే చూడండి" అన్నారు. అమ్మ ఆయన చొక్కా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది, నల్లగుడ్లు మెలి తిరుగుతూ టకటకా కొట్టుకోవడం పక్కనుంచి నేనూ చూశాను.

వినడమే కాదు, ఒంటి బ్యాలెన్స్ చూసుకోవడం కూడా లోపలి చెవి పనే. అక్కడ ద్రవం నిండిన మూడు అర్ధవర్తుల కుల్యలు, అంటే వంపు తిరిగిన సన్నటి గొట్టాలు, తల ఎటు తిరుగుతోందో మెదడుకి చెబుతుంటాయి. పక్కనున్న చిన్న సంచిలోని కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు వయసు మీదపడ్డాక ఒక్కోసారి ఊడి, కాలువలో మేట వేసినట్టు ఆ కుల్యల్లోకి చేరతాయి. ఇక తల కదిపినప్పుడల్లా అవి జారి ద్రవాన్ని కదుపుతాయి, తల ఆగినా ఇంకా తిరుగుతోందని చెవి చెబుతుంది, లేదని కళ్ళు చెబుతాయి, మధ్యలో మెదడు తికమకపడుతుంది. దీన్ని బీపీపీవీ అంటారు.

వైద్యం మాత్రలతో కాదు. జాన్ ఎప్లీ అనే అమెరికా డాక్టర్ కనిపెట్టిన పద్ధతిలో తలని ఒక్కో భంగిమలో అర నిమిషంపాటు ఉంచుతూ, ఒక వరుసలో తిప్పి ఆ స్ఫటికాలని మళ్ళీ సంచిలోకి పంపేస్తారు. లేచి కూర్చున్న అమ్మ "ఇంతేనా అండి?" అంది. మళ్ళీ రావచ్చని ముందే చెప్పారు. వీడియోలు చూసి మీరే చేసుకోకండి, ఏ చెవో, ఏ కుల్యో తేలాలి, మెడ నొప్పులున్నవాళ్ళకి ఇంకా జాగ్రత్త కావాలి.

డాక్టర్‌గారికీ, ఇంటి దగ్గర చేయాల్సినవి ఓపిగ్గా నేర్పిన ఫిజియోథెరపీ అమ్మాయికీ, పిన్నిగారికీ చాలా చాలా థాంక్స్. బాబాయ్, వెయిటింగ్ డబ్బులు ఈసారైనా తీసుకోండి. కార్తీకం వెళ్ళాక అందరినీ భోజనానికి రమ్మంటోంది అమ్మ, చేపల పులుసు తనే పెడుతుందట. పులస మాత్రం అడక్కండి, నా వల్ల కాదు.