శాస్త్రంలోనే మాకు చోటు చూపించిన వారందరికీ కృతజ్ఞతలు

డిసెంబరు 3న, అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం సాయంత్రం, మా వార్డు సామాజిక భవనంలో మా కూచిపూడి తరగతి విద్యార్థులు ఇచ్చిన మొదటి ప్రదర్శన మీ అందరి అండదండలతో చక్కగా జరిగింది. ఆ రోజు వేదికపై వినికిడి లోపం ఉన్న పిల్లలు, చూపు లేని ఒక యువతి, వీల్‌చైర్ వాడే ఒక కళాశాల విద్యార్థి, పక్షవాతం నుంచి కోలుకుంటున్న ఒక పెద్దమ్మగారు, పార్కిన్సన్స్ వ్యాధి ఉన్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, వారితో పాటు ఏ వైకల్యమూ లేని ఇరుగుపొరుగు పిల్లలు కలిసి నర్తించారు. ఎవరి పేర్లూ ఇక్కడ రాయకూడదని ముందే అనుకున్నాము. ఎవరి గురించి ఏ మాట రాస్తున్నానో చదివేవారిలో చాలామందికి తెలుస్తూనే ఉంటుంది. వినికిడి లోపం ఉన్న ఒక విద్యార్థిని తల్లిగా, తరగతి పనులు చూసుకునేవారిలో ఒకరిగా, అందరి తరఫునా ఈ కృతజ్ఞతలు తెలియజేస్తున్నాను.

మొదటి నమస్కారం మా గురువుగారికి. మేము ఆవిడ దగ్గరకు వెళ్ళినప్పుడు పిల్లలకూ పెద్దలకూ కాస్త ఉల్లాసంగా ఉండేలా నాలుగు తేలికపాటి కదలికలు నేర్పితే చాలని అడిగాము. "నేర్పితే కూచిపూడే నేర్పుతానమ్మా, మనిషిని బట్టి దారి మారుస్తాను గానీ విద్యను తగ్గించను" అని ఆవిడ అన్నారు. ఆ మాట మీద ఆవిడ చివరి వరకూ నిలబడ్డారు. మా అందరికీ ఆవిడ చేసిన అసలు సహాయం ఇదేనని నా అభిప్రాయం. కష్టంలో ఉన్నవారిని చూసి తప్పును తప్పనకుండా వదిలేయడం దయగా కనిపిస్తుంది కానీ, నేర్చుకోవడానికి వచ్చినవారికి అంతకు మించిన అన్యాయం లేదు. మా తరగతిలో మోచేయి జారితే ఎవరి మోచేయి అయినా ఆవిడ దిద్దుతారు.

పెద్దమ్మగారి విషయం చెబితే ఇది మరింత స్పష్టంగా తెలుస్తుంది. పక్షవాతం వల్ల ఆవిడ ఎడమ చేయి పైకి లేవదు, వేళ్ళు పూర్తిగా విచ్చుకోవు. రెండు చేతులూ లేనిదే నాట్యం ఎలా వస్తుందని ఆవిడ మొదటి రోజే వెనక్కు వెళ్ళబోయారు. అప్పుడు గురువుగారు ప్రాచీన నాట్యగ్రంథమైన అభినయదర్పణంలోని అసంయుత హస్తాలను, అంటే ఒంటి చేతితో పట్టే ముద్రలను, పతాకం నుంచి త్రిశూలం వరకు 28 వరుసగా చూపించి, ఒక్క చేతితో ఇంత చెప్పడానికి శాస్త్రమే ఏర్పాటు చేసి పెట్టింది కదా, ముందు వీటిని పూర్తి చేద్దామని అన్నారు. ఆ కుడి చేతితోనే ఆవిడ ఇప్పుడు ముకుళ హస్తాన్ని మొగ్గలా పట్టి, చిటికెన వేలి నుంచి ఒక్కొక్క వేలినీ విప్పుకుంటూ అలపద్మంగా వికసింపజేస్తారు. ఎడమ చేయి ఒడిలో ముష్టిగా ఉంటుంది. ఫిజియోథెరపిస్టుగారి సలహా మేరకు దానికి విడిగా వ్యాయామం జరుగుతున్నది కానీ, నాట్యం ఆ చేయి బాగుపడే దాకా ఆగలేదు.

వీల్‌చైర్ వాడే అబ్బాయికి కూడా గురువుగారు ఇలాగే సంప్రదాయంలో నుంచే దారి వెతికారు. కూర్చుని పదాభినయం, అంటే పదం పాటలోని భావాన్ని ముఖంతో, చేతులతో చూపడం, ఆలయాల్లో నర్తించిన మన కళావంతుల సంప్రదాయంలో ఎప్పటి నుంచో ఉన్నదే. క్షేత్రయ్య పదాలకు కదలకుండా కూర్చుని, ముఖంతోనూ చేతులతోనూ ఒక్క పంక్తికే ఎన్నో అర్థాలు పట్టగలిగిన విదుషీమణులు ఆ పరంపరలో ఉండేవారు. కాబట్టి కూర్చుని చేసేది లోటు నాట్యం కాదని, దానికదే కష్టసాధ్యమైన విద్య అని గురువుగారు ఆ అబ్బాయికి చెప్పి, పదాభినయంతోనే పాఠం మొదలుపెట్టారు. ఈ సందర్భంలోనే ఆవిడ మరొక సంగతి కూడా పిల్లలందరికీ వివరించారు. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం దేవాలయాలకు బాలికలను అంకితం చేయడాన్ని నిషేధించింది. అది అవసరమైన సంస్కరణే అయినా, దానితో పాటు ఆలయ నృత్యం కూడా ఆగిపోవడంతో ఆ విద్యను కాపాడిన స్త్రీలకే వేదిక లేకుండా పోయింది. తర్వాత నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణగారు అటువంటి కళాకారిణులను వెతికి పట్టుకుని, వారి వద్ద ఉన్నదాన్ని ఆంధ్రనాట్యంగా నిలబెట్టారు. కూచిపూడి కూడా తరతరాలుగా పురుషులే స్త్రీ వేషాలు కట్టి ఆడిన కళ; ఇరవయ్యో శతాబ్దంలో గానీ అందులోకి స్త్రీలు పెద్ద సంఖ్యలో రాలేదు. అందరినీ కలుపుకొని పోవడం గురించి మాట్లాడేటప్పుడు ఈ కళలు ఎవరెవరిని ఎప్పుడెప్పుడు బయట నిలబెట్టాయో కూడా చెప్పుకోవాలని నాకూ అనిపిస్తుంది.

మృదంగ విద్వాంసులకు, సైగల భాష అనువాదకురాలికి కలిపి కృతజ్ఞత చెప్పాలి, ఎందుకంటే వినికిడి లోపం ఉన్న పిల్లల పాఠం ఆ ఇద్దరి చేతుల మీదుగానే నడిచింది. మన తాళం చెవికి మాత్రమే కాదు, కంటికి కూడా అందుతుందన్న సంగతి నాకు ఇక్కడే పట్టుబడింది. అరచేత్తో ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, మళ్ళీ ఒక దెబ్బ, చేయి వెల్లకిల తిప్పడం, ఇంకొక దెబ్బ, ఇంకొకసారి తిప్పడం. 8 అక్షరాల ఆది తాళం మొత్తం ఒక మనిషి తొడ మీద కనిపిస్తుంది. అందుకని నట్టువాంగం చేసేవారు, అంటే తాళం వేస్తూ నాట్యాన్ని నడిపించేవారు, పక్కన కాకుండా పిల్లలకు ఎదురుగా, వెలుతురులో కూర్చుంటారు. మృదంగాన్ని పల్చటి చెక్క పలకల మీద పెట్టి, పిల్లలను ఉత్త పాదాలతో అవే పలకల మీద నిలబెడితే, తొప్పి వైపు, అంటే మంద్రంగా మోగే వైపు, దెబ్బ అరికాలికి అందుతుంది. మా అమ్మాయి ఇంట్లో కూడా చెక్క బల్ల మీద కాళ్ళు పెట్టుకుని "కొట్టు" అని సైగ చేస్తుంది. అభినయం దగ్గరకు వచ్చేసరికి ఒక చిక్కు ఎదురైంది. సైగల భాషలోని గుర్తులు, నాట్యంలోని హస్తాలు కొన్ని చూడటానికి దగ్గరగా ఉండి అర్థంలో వేరుగా ఉంటాయి. అనువాదకురాలు ప్రతి కొత్త హస్తానికీ ముందు కూర్చుని, పిల్లలకు తికమక కలిగించేవి ఏవో విడదీసి చెప్పేవారు. ఆ ఓపిక వెల కట్టలేనిది.

చూపు లేని యువతికి నేర్పడంలో గురువుగారు పాటించిన పద్ధతిని ఇతర ఉపాధ్యాయులు కూడా గమనించాలని కోరుతున్నాను. "యతో హస్తస్తతో దృష్టిః", అంటే చేయి ఎటు వెళితే చూపు అటు వెళ్ళాలన్న సూత్రం నాట్యం నేర్చే ప్రతివారికీ మొదట్లోనే చెబుతారు. ఈ అమ్మాయి విషయంలో చూపు స్థానంలో ముఖాన్ని ఉంచి, చేయి వెళ్ళిన వైపు మెడ ఎంతవరకు తిరగాలో, గడ్డం ఎక్కడ ఆగాలో ఆవిడ నేర్పారు. తాకి దిద్దవలసి వచ్చిన ప్రతిసారీ ముందుగా "భుజం పట్టుకోనా?" అని అడిగేవారు, ఆ తర్వాత తన భుజాన్నీ, నడుమునూ, అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమలో, మోకాలి వంపునూ ఆ అమ్మాయి చేతులతో తడిమి తెలుసుకోనిచ్చేవారు. అలా తడిమి నేర్చుకున్న అరమండి, అద్దంలో చూసి నేర్చుకున్న మా ఇతర పిల్లల అరమండి కంటే తీరుగా ఉందని నేను అంటే మిగిలిన తల్లులు ఒప్పుకోకపోవచ్చు గానీ, నా కంటికి అలాగే ఉంది.

విశ్రాంత ఉపాధ్యాయులు మాస్టారుగారికి గుమ్మం దగ్గరకు రాగానే కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. పార్కిన్సన్స్ ఉన్న చాలామందికి ఇది అనుభవమే. అడుగు వేయడానికి మెదడు లోపలి నుంచి అందవలసిన సంకేతం సరిగా అందనప్పుడు, బయటి నుంచి వినిపించే క్రమమైన లయ ఆ పనిని కొంతవరకు చేయగలదని మా ఫిజియోథెరపిస్టుగారు వివరించారు. అప్పటి నుంచి ఆయన గుమ్మంలో ఆగగానే లోపల నుంచి ఎవరో ఒక పిల్లవాడు "తకధిమి తకధిమి" అని నోటితో అందుకుంటాడు, తాతగారు ఎడమ కాలితో లోపలికి వస్తారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ నృత్య బృందం 2001లోనే పార్కిన్సన్స్ ఉన్నవారికి తరగతులు ప్రారంభించిందని కూడా ఆ ఫిజియోథెరపిస్టుగారే చెప్పారు. పెద్దవారికి చక్రాలు లేని, చేతులున్న కుర్చీలే వేయడం, మోకాళ్ళు అరిగినవారిని అడుగు గట్టిగా తట్టనీయకపోవడం వంటి జాగ్రత్తలన్నీ ఆవిడ పెట్టినవే.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా రాయాలి. నాట్యంతో జబ్బులు నయమవుతాయని మేము ఎవరికీ చెప్పడం లేదు, మా గురువుగారు అలా చెప్పనివ్వరు కూడా. ఆరోగ్యంలో కళల పాత్రపై 3000కు పైగా అధ్యయనాలను పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక నివేదిక వెలువరించింది. అంతకు ముందు 2003లో, 75 ఏళ్ళు దాటిన 469 మందిపై అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో, తరచుగా నృత్యం చేసేవారికి మతిమరుపు వ్యాధి ముప్పు తక్కువగా కనిపించింది. అయితే నృత్యమే ఆ ముప్పును తగ్గించిందని అటువంటి అధ్యయనం తేల్చి చెప్పలేదు. మందులు, వైద్యులు ఎప్పటిలాగే ఉండాలి. మా తరగతి వల్ల మాస్టారుగారు సాయంత్రం వేళ చొక్కా మార్చుకుని ఎదురుచూస్తున్నారని వారి ఇంట్లోవారు చెప్పిన మాట మాకు చాలు.

వేదిక విషయంలో మాకు కొంత ఇబ్బంది కలిగింది. మొదట అనుకున్న ఒక ప్రేక్షకశాలలో ప్రేక్షకులు వచ్చే దారికి ర్యాంపు ఉంది గానీ, వేదిక ఎక్కడానికి మెట్లు మాత్రమే ఉన్నాయి. వీల్‌చైర్‌లో ఉన్నవారు చూడటానికి రావచ్చు, ఆడటానికి రారు అన్న ఆలోచన ఆ కట్టడంలోనే ఉందన్నమాట. నలుగురు ఎత్తి వేదికపై కూర్చోబెడతామని అక్కడివారు మంచి మనసుతోనే అన్నారు కానీ, ఆ అబ్బాయి దానికి ఒప్పుకోలేదు, మేమూ ఒప్పుకోలేదు. వైకల్యం గల వ్యక్తుల హక్కుల చట్టం, 2016లోని 29వ సెక్షన్ సాంస్కృతిక జీవితంలో ఇతరులతో సమానంగా పాల్గొనే హక్కు గురించి చెప్పడమే కాక, కళల పాఠ్యక్రమాలను అందరికీ అనువుగా మార్చాలని కూడా చెబుతున్నది. చట్టం ఉన్నా మెట్లు మెట్లుగానే ఉన్నాయి. చివరకు కార్యక్రమాన్ని మా సామాజిక భవనానికే మార్చాము. మా వీధి వడ్రంగిగారు కూలి తీసుకోకుండా, వాలు మరీ నిటారుగా లేకుండా పొడవాటి పలకలతో ర్యాంపు చేసి, అంచులకు చక్రం జారిపోకుండా బద్దలు కొట్టి ఇచ్చారు. ఆ అబ్బాయి స్వయంగా చక్రాలు తిప్పుకుంటూ వేదిక ఎక్కాడు.

వ్యాఖ్యానం చేసిన మిత్రునికి ప్రత్యేక కృతజ్ఞతలు. "వైకల్యాన్ని జయించిన చిన్నారులు" అనే తరహా పరిచయాలు వద్దని, అంశం పేరు, రాగం, తాళం, నర్తకుల పేర్లు మాత్రమే చదవమని గురువుగారు కోరితే, ఆయన తాను రాసుకున్న కాగితాన్ని పక్కన పెట్టి అలాగే చదివారు. 1981లో ప్రమాదం వల్ల కాలు కోల్పోయి, జైపూర్ కృత్రిమ పాదంతో మళ్ళీ వేదిక ఎక్కిన సుధా చంద్రన్‌గారి కథ మా పిల్లలందరికీ తెలుసు, అందరికీ ఇష్టమే. కానీ "ఆవిడ చేయగా లేనిది నువ్వెందుకు చేయలేవు?" అని ఆ కథను ఎవరూ ఏ బిడ్డ మీదా ప్రయోగించకూడదని మా తరగతిలో ఒక కట్టుబాటు ఉంది.

ఇక సంరక్షకుల గురించి. పిల్లలనో పెద్దలనో తీసుకువచ్చి వరండాలో కూర్చునే మాకు, ఆ కాసేపూ ఎవరూ ఏమీ అడగని సమయం దొరికింది. దుఃఖంతోనూ శ్రమతోనూ శోకంతోనూ బాధపడేవారికి నాట్యం విశ్రాంతి కలిగిస్తుందని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో ఉన్న శ్లోకాన్ని గురువుగారు ఒకసారి చదివి వినిపించినప్పుడు, అది మా వరండా గురించి కూడా చెబుతున్నట్టే ఉందని తల్లులందరం నవ్వుకున్నాము. ఆ తర్వాత కొందరు తల్లులు వెనుక వరుసలో నిలబడి నేర్చుకోవడం మొదలుపెట్టారు. అందులో నేను లేను. నాకు తాళం నిలవదు.

గజ్జెల చప్పుడు భరించలేని ఒక బాబు కోసం పాఠం మొదటి భాగమంతా గజ్జెలు కట్టకుండా నేర్చుకోవడానికి ఒప్పుకున్న పిల్లలకు, వారిని ఒప్పించిన తల్లిదండ్రులకు. పట్టుబట్టలు అరువిచ్చిన ఇరుగుపొరుగు అక్కచెల్లెళ్ళకు. వీల్‌చైర్ మడిచి ఎక్కించడానికి ఎన్నడూ విసుగు చూపని ఆటో అన్నయ్యలకు. భవనం తాళాలు మాకు అప్పగించిన వార్డు పెద్దలకు మా నమస్కారాలు.

సంక్రాంతి తర్వాత తరగతులు మళ్ళీ ప్రారంభమవుతాయి. సైగల భాష అనువాదకురాలు కొన్ని సాయంత్రాలు రాలేనని చెప్పారు కనుక, ఆ భాష తెలిసినవారు ఎవరైనా ఆ రోజుల్లో సహాయపడగలిగితే తరగతి వేళ భవనానికి వచ్చి మమ్మల్ని కలవవలసిందిగా కోరుతున్నాము. ర్యాంపు పలకలు తిరిగి పంపుతామంటే వడ్రంగిగారు వద్దన్నారు. అవి భవనం వెనుక గదిలో ఉన్నాయి; పెళ్ళికైనా, సభకైనా, మరే కార్యక్రమానికైనా కావలసినవారు ముందు రోజు చెప్పి తీసుకువెళ్ళవచ్చు.