వంకరపోయిన వేళ్లకు ఆపరేషన్ అందం కోసం కాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
ఆరోగ్య బీమా విభాగం,
హైదరాబాద్.

విషయం: మా నాన్నగారి కుడిచేతి ఆపరేషన్‌కు క్యాష్‌లెస్ అనుమతి నిరాకరించడంపై ఫిర్యాదు.

అయ్యా,

మా నాన్నగారి చేతి ఆపరేషన్ కోసం ఆస్పత్రి వాళ్లు పంపిన క్యాష్‌లెస్ (బిల్లు బీమా సంస్థే నేరుగా ఆస్పత్రికి కట్టే) అభ్యర్థనను మీ సంస్థ తిరస్కరించింది. ఇది కాస్మెటిక్ సర్జరీ, అంటే అందం కోసం చేయించుకునే ఆపరేషన్ కిందికి వస్తుందని, ముందు ఫిజియోథెరపీ చేయించి చూడాలని మీ లేఖలో రాశారు. ఈ రెండు కారణాలూ సరైనవి కావు. ఎందుకు కావో వివరంగా రాస్తున్నాను, దయచేసి పూర్తిగా చదవండి.

నాన్నగారు దర్జీ. కోఠి దగ్గర చిన్న షాపు. ఆయన కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు అరచేతి వైపు ముడుచుకుపోయాయి. టేబుల్ మీద బట్ట పరిచి అరచేత్తో ముడతలు తీయడం ఇప్పుడు ఆయన వల్ల కావడం లేదు. కత్తెర పట్టుకుంటే ఆ రెండు వేళ్లూ అడ్డం వస్తాయి. మొహం కడుక్కునేటప్పుడు చిటికెన వేలు కంట్లో గుచ్చుకుంటుంది. అందం గురించి ఇంట్లో ఎవరమూ ఒక్క మాట కూడా అనుకోలేదు. ఆయన అడుగుతున్నది మళ్లీ కత్తెర పట్టగలనా అని మాత్రమే.

ఈ జబ్బు పేరు డుపుట్రెన్ కాంట్రాక్చర్. 1831లో దీనికి ఆపరేషన్ చేసి వివరించిన ఫ్రెంచ్ సర్జన్ గియోమ్ డుపుట్రెన్ పేరు మీద అలా పిలుస్తారు. అరచేతి చర్మం కింద ఉండే గట్టి పొర మెల్లగా మందమై, మొదట బుడిపెలా, తర్వాత తాడులా తయారై వేలిని లోపలికి లాగుతుంది. యాభై దాటిన మగవాళ్లలో ఎక్కువ. వంశపారంపర్యంగానూ వస్తుంది, షుగర్ ఉన్నవాళ్లలోనూ ఎక్కువ కనిపిస్తుంది. చాలామందికి పెద్దగా నొప్పి ఉండదు. మీ కాల్ సెంటర్‌లో ఒకరు "నొప్పి లేదంటున్నారు కదా, తొందరేముంది?" అని మమ్మల్ని అడిగారు. నొప్పి లేకపోవడం ఈ జబ్బు స్వభావం. దాన్ని బట్టి తీవ్రతను కొలవకూడదు.

ఇక ఫిజియోథెరపీ సంగతి. బిగిసిపోయిన ఆ తాడును మర్దనా, వ్యాయామం, వేలు చాపి ఉంచేందుకు రాత్రిపూట కట్టే స్ప్లింట్ (బద్ద) సాగదీయలేవు. వాటి అవసరం ఆపరేషన్ తర్వాత, వేలు మళ్లీ బిగుసుకోకుండా కదిలించడానికి. వేళ్లు ఇంకా వంగని దశలో అయితే డాక్టర్లు ఏమీ చేయకుండా కనిపెట్టుకుని ఉండమంటారు. కొన్ని దేశాల్లో ఆ దశలో రేడియోథెరపీ కూడా ఇస్తారు. నాన్నగారు ఆ దశ ఎప్పుడో దాటిపోయారు.

మిగిలిన మార్గాలన్నీ మా డాక్టరు మాకు ఓపికగా చెప్పారు. సూదితో చేసే పద్ధతిలో చేతికి మాత్రమే మత్తు ఇచ్చి, చర్మం మీద నుంచే సూది మొనతో ఆ తాడును అక్కడక్కడా తెంపుతారు. త్వరగా కోలుకోవచ్చు, ఖర్చూ తక్కువ, కానీ వంకర తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. కొలాజినేజ్ అనే ఎంజైమ్ ఇంజెక్షన్‌కు అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది. యూరప్ మార్కెట్ నుంచి మాత్రం దాన్ని 2020లో ఉపసంహరించుకున్నారు. మా డాక్టరు దాన్ని సూచించలేదు. మూడోది అరచేయి కోసి జబ్బుపడిన పొరను తీసేసే ఆపరేషన్. కోలుకోవడానికి వారాలు పడుతుంది, వేలి నరం దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది, అయినా ఫలితం ఎక్కువ కాలం నిలుస్తుంది. పూర్తిగా నయమయ్యే మందు ఏదీ లేదని, ఏ పద్ధతిలోనైనా తిరగబెట్టవచ్చని కూడా ఆయన దాచకుండా చెప్పారు. నాన్నగారి చిటికెన వేలు మధ్య కణుపు దగ్గరే బాగా వంగింది కాబట్టి ఆపరేషన్‌నే ఎంచుకున్నారు.

ఆ మధ్య కణుపే మా టెన్షన్. వేలి మొదట్లో ఉన్న కీలు ఆలస్యమైనా చాలావరకు సరిగ్గా వస్తుంది. మధ్య కీలు అలా కాదు. ఎక్కువకాలం వంగి ఉంటే కీలే బిగుసుకుపోయి, తర్వాత తాడు తీసేసినా వేలు పూర్తిగా చాపుకోదు. అందుకే అరచేయి టేబుల్ మీద సమంగా ఆనకపోతే సర్జన్‌కు చూపించమంటారు. మీరు పెట్టే జాప్యానికి మూల్యం నాన్నగారి వేలు చెల్లిస్తోంది.

అసలు ఈ తిరస్కరణ ఎలా వచ్చిందో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ఆస్పత్రి ఫారంలో విభాగం దగ్గర ప్లాస్టిక్ సర్జరీ అని ఉంది. చేతి ఆపరేషన్లు చాలా ఆస్పత్రుల్లో ఆ విభాగం వాళ్లే చేస్తారు. మీ దగ్గర ఫైలు చూసినవారు ఆ ఒక్క మాట చూసి కాస్మెటిక్ అని రాసేసినట్టుంది. పాలసీలోని ఆ మినహాయింపు రూపం మార్చుకోవడానికి చేయించుకునే చికిత్స గురించి. పనిచేయని చేతిని పనిచేసేలా చేసే చికిత్సకు అది వర్తించదు.

ఫోన్‌లో ఇంకొకరు ఇది పాలసీకి ముందే ఉన్న పాత జబ్బు అన్నారు. మా పాలసీ ఒక్క ఏడాదీ ఆగకుండా ఐదేళ్లు దాటింది. అలాంటి పాలసీలో మోసం రుజువైతే తప్ప, వివరాలు దాచారనే పేరుతో క్లెయిమ్ కాదనకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది.

కాబట్టి ఈ ఫైలును చేతి శస్త్రచికిత్స తెలిసిన డాక్టరుతో మళ్లీ చూపించి, క్యాష్‌లెస్ అనుమతి వెంటనే ఇవ్వండి. కాదంటే, ఏ నిబంధన ప్రకారం కాదంటున్నారో, మీ క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఈ తిరస్కరణను ఆమోదించిందో లేదో రాతపూర్వకంగా తెలియజేయండి. వేళ్ల వంపు డిగ్రీల్లో కొలిచిన రిపోర్టు, చేతి ఫొటోలు, డాక్టరు లేఖ జతచేస్తున్నాను. రెండు వారాల్లోగా జవాబు ఇవ్వండి. పరిష్కారం దొరక్కపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, బీమా వివాదాలు తీర్చే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాను.

ఇట్లు,
పాలసీదారు,
నల్లకుంట, హైదరాబాద్.